ఉప్పుకు అలవాటుపడటమంటే ఏమిటి?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఏదైనా సైన్సు విషయం మీద అరగంట మాట్లాడమన్నారు. కమ్యుటేషన్ గురించి, డీఏ బకాయిల గురించి నాకు ముందు మాట్లాడినవారు సవివరంగా చెప్పారు. ఆ లెక్కల జోలికి నేను వెళ్ళను. మన అందరికీ రోజూ సంబంధమున్న మరొక లెక్క గురించి మాట్లాడతాను. అది ఉప్పు లెక్క.

మన వయసువాళ్ళం ఏ నలుగురం కలిసినా రెండో మాట బీపీ, మూడో మాట ఉప్పు. డాక్టరు తగ్గించమంటాడు. ఇంట్లోవాళ్ళు తగ్గిస్తారు. మనకు నోరు చప్పబడుతుంది. అప్పుడు మనలో చాలామంది అనే మాట ఒకటుంది: "ఈ ఒంటికి అరవై ఏళ్ళుగా ఉప్పు అలవాటే. ఇప్పుడు కొత్తగా అది ఏం చేస్తుంది?"

ఈ "అలవాటు" అనే మాటనే ఈరోజు కాస్త పరీక్షించి చూద్దామని నా ఉద్దేశం. ఎందుకంటే, ఈ భూమి మీద ఉప్పుకు నిజంగా అలవాటుపడిన జీవులు కొన్ని ఉన్నాయి. వాటికి ఉప్పు ఎక్కువైతే ప్రమాదం లేదు, తక్కువైతేనే చావు. ఆ అలవాటు కోసం అవి ఏం మార్చుకున్నాయో, ఎంత మూల్యం చెల్లించాయో తెలిస్తే, మనం అలవాటని దేనిని అంటున్నామో మనకే అర్థమవుతుంది.

ఉప్పు ఎందుకు నిలవ ఉంచుతుంది?

మన ఆడవాళ్ళకు ఈ శాస్త్రం పుస్తకం చదవకుండానే తెలుసు. ఆవకాయలో ఉప్పు తగ్గితే బూజు పడుతుంది. సరిగా పడితే ఏడాదిపాటు నిక్షేపంగా ఉంటుంది. కారణం ద్రవాభిసరణం. పిల్లల సైన్సు పుస్తకంలో ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఉబ్బుతుందని ఉంటుంది, గుర్తుందా? దానికి ఇది తిరగేసిన వ్యవహారం. బయట ఉప్పు ఎక్కువగా ఉంటే కణంలోని నీరు బయటికి వచ్చేస్తుంది. బూజయినా, బాక్టీరియా అయినా నీరు పోయి ముడుచుకుపోతుంది, పెరగడం ఆగిపోతుంది. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించగానే ఊట దిగేది కూడా ఇందువల్లనే.

కాబట్టి ఉప్పు బాగా ఉన్నచోట జీవం ఉండదని చాలాకాలం పాటు అందరూ అనుకున్నారు. మామూలు సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఇజ్రాయెల్, జోర్డాన్ దేశాల మధ్య ఉన్న మృత సముద్రంలో అది దాదాపు పదింతలు. చేప బతకదు గనుక దానికి ఆ పేరు వచ్చింది. కాని 1936లో బెంజమిన్ ఎలజారి వోల్కాని అనే శాస్త్రజ్ఞుడు ఆ నీటిలో సూక్ష్మజీవులు హాయిగా బతుకుతున్నాయని ప్రకటించాడు. మన భాషలో చెప్పాలంటే, మృత సముద్రానికి లైఫ్ సర్టిఫికేట్ ఇచ్చినవాడు ఆయన. అక్కడ దొరికిన ఒక జీవికి హాలోఆర్కులా మారిస్మోర్టుయి అని పేరు. ఆ రెండో మాటకు అర్థం మృత సముద్రానికి చెందినదని. 1980లోనూ, 1992లోనూ వానలు బాగా కురిసి పైనీరు కాస్త పలచబడినప్పుడు, ఇటువంటి జీవులు కోటానుకోట్లుగా పెరిగి ఆ సముద్రం నీరే ఎర్రబారింది.

అంతకుముందే ఈ జీవులు మరో రకంగా మనుషుల కంటబడ్డాయి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపల మీద ఒక్కొక్కసారి ఎర్రటి జిగట కడుతుంది. ఉప్పు వేసి నిలవచేసిన పశువుల తోళ్ళ మీద కూడా ఎర్ర మచ్చలు వస్తాయి. తోళ్ళ వ్యాపారులకు, చేపల వ్యాపారులకు ఇది పాత తలనొప్పి. 1922లో కెనడాలో హారిసన్, కెన్నెడీ అనే ఇద్దరు పరిశోధకులు ఎర్రబారిన ఉప్పుచేప నుంచి ఆ సూక్ష్మజీవిని వేరుచేశారు. దానిని ఇప్పుడు హాలోబాక్టీరియం సాలినారం అంటున్నారు. చేప పాడుకాకుండా మనం వేసిన ఉప్పుతోపాటే ఈ జీవి వస్తుంది. దొంగలు పడకుండా పెట్టుకున్న కాపలావాడి వెంటే దొంగ వచ్చినట్లన్నమాట.

మన నౌపడా వైపు, చినగంజాం వైపు ఉప్పు మడులు చూసినవారు ఇక్కడ ఉండే ఉంటారు. సముద్రపు నీరు ఒక మడి నుంచి మరో మడికి పారుతూ, ఎండకు ఇగురుతూ, చివరికి కల్లుప్పు గట్టే దశకు వస్తుంది. ఉప్పు మడులు ఉన్న ఏ దేశంలోనైనా ఈ చివరి దశలో నీటికి గులాబీ రంగో, ఎరుపో రావడం మామూలు. ఆ రంగు ఉప్పుది కాదు, నీటిలోని జీవులది.

మరి ఉప్పు ఇంత ఉన్న ఆవకాయ ఎందుకు ఎర్రజిగట కట్టదని మీరు అడగవచ్చు. సాధారణంగా ఈ జీవులకు గాలి కావాలి, పులుపు పడదు. మామిడికాయ పులుపు, పైన తేలే నూనె రెండూ వాటికి విరోధులే. మన పెద్దలు ఉప్పు ఒక్కదాన్నే నమ్ముకోలేదు.

ఇవి ఎవరు?

ఈ ఎర్రటి జీవులను మొదట బాక్టీరియాలనే అనుకున్నారు. అందుకే పేరులో "బాక్టీరియం" మిగిలిపోయింది. 1977లో అమెరికాలో కార్ల్ వోస్, ఆయన సహచరుడు జార్జ్ ఫాక్స్ జీవుల వంశవృక్షాన్ని కొత్త పద్ధతిలో పరిశీలించి, బాక్టీరియాలతోనూ మనబోటి జీవులతోనూ కలవని మూడో శాఖ ఒకటుందని చెప్పారు. దానికి ఇప్పుడు ఆర్కియా అని పేరు. మన ఎర్ర జీవులు ఆ శాఖకు చెందినవి.

వాటిలో విచిత్రాలు చాలా ఉన్నాయి. ఒకటి, 1980లో సినాయి తీరంలోని ఉప్పు మడుగులో ఆంథొనీ వాల్స్‌బీ అనే శాస్త్రజ్ఞుడికి చతురస్రాకారంలో, పోస్టల్ స్టాంపుల షీటులా పలచగా ఉన్న జీవి కనిపించింది. రెండోది, 1971లో ఊస్టర్‌హెల్ట్, స్టోకినియస్ అనే ఇద్దరు ఈ జీవుల పొరలో ఊదారంగు ప్రోటీను ఒకటి ఉన్నదని కనుగొన్నారు. అది ఎండ నుంచి నేరుగా శక్తిని సంపాదిస్తుంది. దానికి ఆ రంగునిచ్చే పదార్థం రెటినాల్. విటమిన్ ఎ నుంచి తయారై మన కంటి రెటీనాలో వెలుతురును పట్టుకునేది కూడా అదే.

కణం లోపలి ఖాతా

ఇక అసలు విషయానికి వస్తాను. ఉప్పునీటిలో బతికే జీవికి మొదటి సమస్య, లోపలి నీరు బయటికి పోకుండా నిలుపుకోవడం. బయట ఎంత బరువున్నదో లోపలా అంత బరువు పెట్టి తక్కెడ సరిచేస్తేగాని నీరు నిలవదు. దీనికి జీవులు రెండు మార్గాలు కనిపెట్టాయి.

మొదటిది, ఉప్పును బయటే ఉంచి, లోపల హాని చేయని మరో పదార్థాన్ని నింపుకోవడం. ఉప్పు మడుల్లో ఉండే డునాలియెల్లా అనే నాచు గ్లిజరిన్‌ను తయారుచేసి నింపుకుంటుంది. కొన్ని బాక్టీరియాలు ఎక్టోయిన్ అనే పదార్థాన్ని వాడతాయి. 1985లో కనుగొన్న ఈ పదార్థం చర్మం ఎండిపోకుండా రాసుకునే క్రీముల్లోకి కూడా వచ్చింది. ఈ మార్గంలో లోపలి యంత్రాంగాన్ని పెద్దగా మార్చనక్కరలేదు. కాని ఆ పదార్థాన్ని తయారుచేయడానికి ఖర్చు బాగా అవుతుంది.

రెండోది, ఉప్పుకు ఉప్పుతోనే జవాబు చెప్పడం. హాలోబాక్టీరియం మార్గం ఇదే. అది సోడియాన్ని బయటికి తోస్తూ, పొటాషియం క్లోరైడ్‌ను లోపల నింపుకుంటుంది.

ఎంత నింపుకుంటుందో చెప్పడానికి మనందరి ఇళ్ళలో ఉండే కాగితం ఒకటి తీస్తాను. సీరం ఎలక్ట్రోలైట్స్ రిపోర్టు. అందులో సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5 ఉండాలని రాసి ఉంటుంది. అది రక్తంలో లెక్క. మన కణాల లోపల పరిస్థితి తారుమారు. అక్కడ పొటాషియం సుమారు 140 ఉంటుంది, సోడియం చాలా తక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి ప్రతి కణంలోనూ ఒక పంపు రాత్రింబగళ్ళు పనిచేస్తూ మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. మనం కదలకుండా కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు అయిదో వంతు దీనికే పోతుంది. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ స్కౌ 1957లో పీత నరాలలో ఈ పంపును కనుగొన్నాడు. దానికి నలభై ఏళ్ళ తరువాత, 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. మన బకాయిలే ఆలస్యమవుతాయని అనుకోనక్కరలేదు.

మన కణంలో పొటాషియం 140 అయితే, ఉప్పు జీవి కణంలో అదే కొలతలో 4000 దాకా ఉంటుంది. దాదాపు ముప్పై రెట్లు. లీటరు నీటికి సుమారు 300 గ్రాముల పొటాషియం క్లోరైడ్ అన్నమాట. అంత చిక్కటి ఉప్పు రసంలో దాని ఎంజైములన్నీ మునిగి పనిచేయాలి. ఇక్కడ రెండో సమస్య మొదలవుతుంది.

ఎంజైముకు ఉప్పు చేసే హాని

ఎంజైములంటే ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. మనం తిన్నది అరగాలన్నా, అరిగినది శక్తిగా మారాలన్నా, కణంలో ఏ పని జరగాలన్నా ఆ పనికి ఒక ఎంజైము ఉండాలి. ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీనులే. అమైనో ఆమ్లాలనే పూసలు వందల సంఖ్యలో గుచ్చిన దండను ఒక ప్రత్యేక పద్ధతిలో మడిచి ఉండలా చేస్తే అది ఎంజైము. పూసలు ఇరవై రకాలు. కొన్నిటికి నీరంటే ఇష్టం, కొన్నిటికి నూనెలా నీరు పడదు. నీరు పడని పూసలు ఉండ మధ్యకు చేరతాయి. నీరు ఇష్టపడేవి పైకి వస్తాయి. ఆ మడత సరిగ్గా ఉంటేనే ఎంజైము పనిచేస్తుంది. మడత విడితే అది ఉత్త దారం.

ఈ ఉండ చుట్టూ పలచని నీటి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉండాలి. అది ఉంటేనే ఎంజైము కరిగి, కదులుతూ ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే ఆ ఉప్పు అయాన్లు నీటిని తమ వైపు లాక్కుంటాయి. అదీగాక, ఉప్పు నీటిలో నూనెగుణం పూసలు ఒకదానికొకటి మరింత గట్టిగా అతుక్కుంటాయి. ఫలితంగా మామూలు ఎంజైములు గుంపులు కట్టి, గడ్డలై అడుగుకు దిగిపోతాయి. ప్రాగ్ నగరంలో ఫ్రాంజ్ హాఫ్‌మైస్టర్ 1888లోనే కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీనుల మీద రకరకాల లవణాలను ప్రయోగించి, ఏ లవణం ఎంత బలంగా వాటిని విడగొడుతుందో వరుసక్రమంలో చూపించాడు. నేటికీ ప్రయోగశాలల్లో ప్రోటీనులను వేరుచేయడానికి ఈ కిటుకు వాడుతున్నారు.

మన ఎంజైములను తీసుకువెళ్ళి హాలోబాక్టీరియం కణంలో పెడితే వాటిలో చాలాభాగం గతి అంతే. మరి దాని ఎంజైములు ఎలా నిలబడుతున్నాయి?

నాలుగు మార్పులు

మొదటి మార్పు పైభాగంలో. ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లూటామిక్ ఆమ్లం అనే రెండు పూసలు ఋణావేశం కలవి. ఉప్పు జీవుల ఎంజైముల ఉపరితలం మీద ఇవి కిక్కిరిసి ఉంటాయి. ఇవి నీటినీ, నీటితో చుట్టుకున్న పొటాషియం అయాన్లనూ దగ్గరకు చేర్చుకుంటాయి. బయట ఉప్పు ఎంత లాగినా ఎంజైము చుట్టూ తడి నిలుస్తుంది. అంతేకాదు, ప్రతి ఎంజైము ఒళ్ళంతా ఋణావేశమే గనుక రెండు ఎంజైములు దగ్గరకు వస్తే ఒకదానినొకటి తోసుకుంటాయి. గుంపుకట్టి గడ్డలయ్యే ప్రమాదం తప్పుతుంది.

రెండో మార్పు, లైసిన్ అనే పూసను బాగా తగ్గించుకోవడం. లైసిన్‌కు ధనావేశం ఉంటుంది గాని, దాని కొమ్మ పొడవు, ఆ కొమ్మ నూనెగుణం కలది. ఉప్పునీటిలో అటువంటి పొడవు కొమ్మలు బయటికి చాచుకుని ఉండటం నష్టం. ధనావేశం తప్పనిసరి అయినచోట లైసిన్ బదులు ఆర్జినిన్ ఎక్కువగా కనిపిస్తుంది.

మూడో మార్పు ఉండ లోపల. ఉప్పు ఎలాగూ నూనెగుణం పూసలను గట్టిగా అదుముతుంది గదా. లోపల పెద్ద పెద్ద నూనె పూసలే ఉంటే ఎంజైము మరీ బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన తాళం తెరుచుకోదు. అందుకని పెద్ద పూసలను తగ్గించి, చిన్న పూసలను వాడుకుని లోపలి పట్టును కాస్త వదులు చేసుకున్నాయి.

నాలుగోది, ఎంజైములో భాగాలు భాగాలుగా ఉన్నచోట, ఆ భాగాల మధ్య ఋణ, ధన ఆవేశాల బంధాలు అల్లుకోవడం, అక్కడక్కడ ఉప్పు అయాన్లనే మేకుల్లా వాడుకోవడం.

ఇవి ఊహించి చెప్పిన మాటలు కావు. మేలేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము మనలోనూ ఉంది, తిండిని శక్తిగా మార్చే పనిలో అది ఒక మెట్టు. ఇదే పనిచేసే మృత సముద్రపు జీవి ఎంజైము నిర్మాణాన్ని 1995లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణాలతో తేల్చి చూపారు. పైన ఋణావేశాల ముసుగు, భాగాల మధ్య ఆవేశ బంధాల అల్లిక అందులో స్పష్టంగా కనిపించాయి. 2000లో హాలోబాక్టీరియం జాతిలో ఒకదాని జన్యుపటం మొత్తం వెలువడింది. ఆ పరిశోధన నడిపినవారిలో ముఖ్యులు శిలాదిత్య దాస్‌శర్మ. చూస్తే ఒకటి రెండు ఎంజైములు కాదు, దాదాపు ఆ జీవి ప్రోటీనులన్నీ ఇదే ఆమ్లగుణంతో ఉన్నాయి.

ఇంకొక సాక్ష్యం చెప్పుకోదగ్గది. 2002లో స్పెయిన్ ఉప్పు మడుల నుంచి సాలినిబాక్టర్ రూబర్ అనే ఎర్రటి జీవి బయటపడింది. ఇది ఆర్కియా కాదు, అసలు సిసలు బాక్టీరియా. వంశం వేరు. అయినా అది కూడా లోపల పొటాషియం నింపుకుని, ఆమ్లగుణం గల ప్రోటీనులతోనే బతుకుతోంది. సమస్య ఒకటే అయితే, సంబంధం లేని రెండు కుటుంబాలు కూడా ఒకే పరిష్కారానికి రావచ్చు.

శాస్త్రంలో చివరి మాట అంటూ ఉండదు. ఋణావేశం నీటిని పట్టుకోవడమే ముఖ్యమని చాలాకాలం అనుకున్నారు. 2009లో స్పెయిన్ పరిశోధకులు ఒక మామూలు ప్రోటీనులో పూసలను ఒక్కొక్కటే మార్చి చూశారు. లైసిన్ తీసి ఆస్పార్టిక్, గ్లూటామిక్ ఆమ్లాలు పెడితే అది ఉప్పు జీవి ప్రోటీనులా ప్రవర్తించింది. ఇందులో ఆవేశం కంటే కూడా, పొడవు కొమ్మ పోయి పొట్టి కొమ్మ రావడం వల్ల ప్రోటీను నీటికి తగిలే వైశాల్యం తగ్గడమే ప్రధానమని వారు వాదించారు. ఏ కారణానికి ఎంత వాటా అన్నదే వాదం. జరిగిన మార్పుల గురించి వాదం లేదు.

దానికి చెల్లించిన మూల్యం

సోదరులారా, ఇప్పుడు అసలు మెలిక చెబుతాను. ఇంత కష్టపడి ఉప్పుకు అమరిన ఆ ఎంజైమును మంచినీటిలో వేస్తే ఏమవుతుంది? సుఖపడుతుందని అనుకుంటాం. కాని విడిపోతుంది. ఉపరితలం నిండా ఉన్న ఋణావేశాలను ఇన్నాళ్ళూ ఉప్పు అయాన్లు శాంతపరుస్తూ వచ్చాయి. ఆ ఉప్పు పోగానే అవి ఒకదానినొకటి తోసుకుంటాయి. లోపల పట్టు ముందే వదులు. ఇక మడత నిలవదు. మృత సముద్రపు మేలేట్ డీహైడ్రోజినేస్‌ను మామూలు సముద్రపు నీటంత ఉప్పులో ఉంచినా అది భాగాలుగా విడిపోయి పనిచేయడం మానేస్తుంది. హాలోబాక్టీరియం కణాన్ని మంచినీటిలో వేస్తే కణం పొరే చెదిరి పగిలిపోతుంది.

అంటే ఉప్పును "తట్టుకోవడం" వేరు, ఉప్పుకు "కట్టుబడటం" వేరు. ఈ జీవులు ఉప్పుకు కట్టుబడినవి. ఉప్పు తిన్న విశ్వాసమంటే ఇదేనేమో.

ఈ రెంటికీ మధ్య మార్గం కూడా ఒకటుంది. ఇందాక చెప్పిన డునాలియెల్లా నాచు వాన వచ్చినప్పుడు పలచని నీటిలోనూ, ఎండ కాసినప్పుడు చిక్కటి నీటిలోనూ బతకాలి. కణం బయట పనిచేసే దాని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము నిర్మాణాన్ని 2005లో తేల్చారు. దాని ఉపరితలం కూడా ఋణావేశమే, కాని మితంగా. అందువల్ల అది ఉప్పు తక్కువైనా ఎక్కువైనా మడత చెడకుండా ఉంటుంది. ఆ పరిశోధకులు ఆ లక్షణాలను బట్టి వెదికితే, ఎలుకలోని ఒక ఎంజైము కూడా అలాగే ఉప్పును తట్టుకోవాలని తేలింది. పరీక్షించి చూస్తే నిజమే అయింది. అది కనిపించే అవయవాల్లో మూత్రపిండం ఒకటి. లవణాల లెక్కలు రోజూ చూసే అవయవం మూత్రపిండమే గదా. ఎక్కడో ఉప్పు మడిలోని నాచు, ఒంట్లోని మూత్రపిండం ఒకే కిటుకును పంచుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే.

మనకేమి ఉపయోగం?

ఉపయోగం లేని చదువు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. కణంలో ప్రోటీనులను తయారుచేసే కార్ఖానా పేరు రైబోజోమ్. దాని నిర్మాణం తేల్చడానికి స్ఫటికాలు కావాలి. మామూలు జీవుల రైబోజోములు చేతికి చిక్కేలోగా చెడిపోతాయి. ఇజ్రాయెల్‌కు చెందిన ఆడా యోనాథ్ అందుకే కఠిన పరిస్థితుల్లో బతికే జీవులను ఎంచుకున్నారు. వాటిలో మన హాలోఆర్కులా మారిస్మోర్టుయి ఒకటి. 2000లో అమెరికాలో థామస్ స్టైట్జ్ బృందం దీని రైబోజోమ్ పెద్దభాగం నిర్మాణాన్ని అణువణువునా చూపించింది. వేడినీటి బాక్టీరియా నుంచి తీసిన చిన్నభాగంపై పనిచేసినవారు చిదంబరంలో పుట్టిన మన వెంకట్రామన్ రామకృష్ణన్. ముగ్గురికీ కలిపి 2009లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. దగ్గు, జ్వరం వస్తే మనలో చాలామంది మింగిన అజిత్రోమైసిన్ మాత్ర రైబోజోమ్‌లో ఎక్కడ అడ్డుపడుతుందో మొదట చూసినవాటిలో ఈ మృత సముద్రపు జీవి రైబోజోమ్ ఒకటి.

ఇక మళ్ళీ మన ఉప్పు డబ్బా దగ్గరకు వస్తాను. "ఒంటికి అలవాటైపోయింది" అన్న మాటకు జవాబు ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. ఉప్పుకు అలవాటుపడటమంటే ఎంజైముల్లో పూసలు మారాలి. ఒకటి కాదు, దాదాపు అన్నీ. అది జన్యువుల్లో, లెక్కకందనన్ని తరాల్లో జరిగే పని. ఒక మనిషి అరవై ఏళ్ళు కాదు, నూరేళ్ళు ఆవకాయ తిన్నా అతని ఎంజైముల్లో ఒక్క పూస కూడా అందుకోసం మారదు. మనకు అలవాటైంది నాలుక మాత్రమే. నాలుక అలవాటు కొన్ని వారాలు తగ్గించి తింటే మారుతుంది. గుండెకు, రక్తనాళాలకు, మూత్రపిండాలకు అలవాటన్నది లేదు, అవి మోస్తూ వస్తాయి, అంతే. పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే సుమారు ఒక టీ చెంచా. పప్పులో, కూరలో, మజ్జిగలో, పచ్చడిలో, అప్పడంలో అన్నిటిలో కలిపి.

మరొక్క ముఖ్యమైన మాట. దీన్ని మాత్రం ఇంటికి తీసుకువెళ్ళండి. బజారులో సోడియం తక్కువ ఉన్న ఉప్పు అని అమ్ముతున్నారు. బీపీ ఉన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు శ్రద్ధగా కొంటున్నారు. అందులో సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి ఆ మేరకు కలిపేది సాధారణంగా పొటాషియం క్లోరైడ్. మన ఉప్పు జీవి నింపుకునే పదార్థమే. చాలామందికి అది మేలే చేస్తుంది. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. బీపీకి, గుండెకు వాడే కొన్ని రకాల మందులు కూడా పొటాషియాన్ని ఒంట్లో నిలవచేస్తాయి. రిపోర్టులో 3.5 నుంచి 5 అని ఉన్న ఆ చిన్న అంకె పెరిగితే గుండె లయే తప్పుతుంది. 4000 తో హాయిగా బతికే జీవి ఉంది గాని, మనం రక్తంలో 7 దాటితే ఆసుపత్రికి పరుగెత్తవలసినవాళ్ళం. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి ఉప్పును సిఫార్సు చేస్తూనే, మూత్రపిండాల లోపం ఉన్నవారికి ఆ సిఫార్సు వర్తించదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ప్యాకెట్టు మార్చేముందు మీ మందుల చీటీ పట్టుకుని డాక్టరు గారిని ఒక్క మాట అడగండి. ఇంట్లో అందరికీ ఒకటే వంట గనుక, ఇల్లాలికి ఈ విషయం తప్పక చెప్పండి.

అలాగే, కొన్న ఉప్పుచేప మీద ఎర్రజిగట, చెడ్డ వాసన కనిపిస్తే కడిగి వండుకుందామని చూడకండి, పారవేయండి. ఆ ఎర్ర జీవి స్వయంగా మనకు రోగం తెచ్చేది కాకపోయినా, ఆ చేప సరిగా నిలవచేయలేదని చెప్పే ఎర్ర జెండా అది.

పొద్దుపోతున్నది, భోజనాల వేళ అయింది. ముగించే ముందు ఒక చిన్న మాట. ఏ చోట ఏళ్ళ తరబడి ఉన్నామో ఆ చోటుకు తగ్గట్టు మనమూ మారతాం. ముప్పై ఏళ్ళు ఫైళ్ళలో, రిజిస్టర్లలో, పైవాళ్ళ కేకల్లో మునిగి ఉన్నవాళ్ళు రిటైరైన మర్నాడు ఏం తోచక విడిపోయినట్లు అయిపోవడం మనం చూశాం. పాపం, ఆ ఎంజైముకు వేరే దారి లేదు, దాని పూసలు మారవు. మనకు ఆ ఇబ్బంది లేదు. అందుకే ఇటువంటి సంఘాలు, ఇటువంటి సమావేశాలు. నెలనెలా రండి, కలవండి. ఉప్పు మాత్రం తగ్గించండి.